శనివారం బట్వాడా

2025 నవంబర్ 26, బుధవారం

ఇవాళ్టి నుంచి శుక్రమూఢం. ఫిబ్రవరి 17 దాటితే గాని మళ్లీ ముహూర్తాలు లేవని మా పంతులుగారు పంచాంగం తిరగేసి చెప్పారు. మధ్యలో వచ్చే పుష్యం ఎలాగూ శూన్యమాసం. ఆ తర్వాతి మాఘం మీదే మాలాంటి ప్రెస్సుల ఆశంతా. ఈసారి మాఘం మొత్తం మూఢంలోనే వెళ్లిపోతోంది. నిరుడు వేసవిలోనూ ఇదే గతి. ఏప్రిల్ ఆఖర్లో మూఢం పట్టుకుంది, అది వదిలేసరికి ఆషాఢం వచ్చింది, శ్రావణం దాకా శుభలేఖ అన్నదే వెయ్యలేదు.

సూర్యాపేటలో మాది చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సు. మూఢం వస్తే పురోహితులకు, బాజా వాళ్లకు, ఫంక్షన్ హాళ్లకు కష్టమని అందరికీ తెలుసు. కార్డులు వేసేవాళ్లు కూడా ఉన్నారని ఎవరికీ గుర్తుకు రాదు.

గోడ క్యాలెండరు దించి శనివారాలు లెక్కపెట్టాను. సరిగ్గా పన్నెండు. శనివారం మా దగ్గర బట్వాడా. మిషన్ మామకు 4,500, డీటీపీ చేసే అమ్మాయికి 3,000, బైండింగ్ అక్కకు 2,400. మొత్తం 9,900. పన్నెండు వారాలకు 1,18,800. గది అద్దె, కరెంటు బిల్లు, మిషన్ కిస్తీ వేరే.

తర్వాత ఖాతా పుస్తకం తీశాను. ఊళ్లోవాళ్ల నుంచి నాకు రావాల్సింది 1,47,300. పన్నెండు వారాల జీతాలు పోను ఇంకా మిగులుతుంది. పని లేదని నేను భయపడటం లేదు. చేసేసిన పని తాలూకు డబ్బు ఇంకొకరి దగ్గర ఉంది, శనివారం మాత్రం నా గడప ముందుకు వస్తుంది.

నవంబర్ 27, గురువారం

సర్పంచ్ ఎన్నికలు. మొన్న 25న షెడ్యూలు వచ్చింది, ఇవాళ్టి నుంచి మొదటి విడత నామినేషన్లు. పోలింగ్ డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో. పొద్దున్నే ముగ్గురు వచ్చి రేట్లు అడిగి వెళ్లారు. మూడు వారాల పాటు మిషన్ చల్లబడదు.

ఎలక్షన్ పని నగదుకే చెయ్యాలని మా బాపు (నాన్న) నియమం. "గెలిచినోడు దొరకడు, ఓడినోడు ఇయ్యలేడు" అనేవాడు. ఆ ముక్క ఈసారి కాగితం మీద రాసి డీటీపీ టేబుల్ పైన గోడకు అంటించాను. అడిగేవాళ్లకు నేను నోటితో చెప్పాల్సిన పని ఉండదు.

నవంబర్ 29, శనివారం

సొరుగులో 6,300 ఉన్నాయి. మిగతా 3,600 ఇంట్లో చిట్టీకి దాచిన దాంట్లోంచి తెచ్చాను. మా ఆవిడ ఏమీ అనలేదు. అననందుకే ఎక్కువ బాధనిపించింది.

అయిదు గంటలకు మామ మిషన్ ఆపుతాడు. రోలర్లను కిరసనాయిల్ గుడ్డతో తుడిచి, ఇంకు డబ్బా మీద కాగితం పరిచి మూత పెడతాడు. చేతులు ఎంత తోమినా గోళ్ల చుట్టూ నలుపు పోదు. ఆ చేతులతోనే డబ్బు తీసుకుని కళ్లకద్దుకుంటాడు, ఇరవై రెండేళ్లుగా. అమ్మాయికి ఫోన్‌లో వేస్తాను. బైండింగ్ అక్క నోట్లే అడుగుతుంది, ఫోన్ కొడుకు దగ్గర ఉంటుంది కాబట్టి. ఆమె లెక్కపెట్టదు. మడిచి కొంగున ముడేసుకుంటుంది. నేను తక్కువ ఇవ్వనన్న నమ్మకం అది. "ఈ వారం సర్దుకో అక్కా" అని ఆమెతో అనడం నా వల్ల కాదు. ఊళ్లోవాళ్లు మాత్రం నాతో ఆ మాట ఎంత తేలిగ్గా అంటారో.

డిసెంబర్ 3, బుధవారం

మొదటి విడత గుర్తులు సాయంత్రం ఇచ్చారు. అభ్యర్థుల పేర్లను తెలుగు అక్షరక్రమంలో పెట్టి, గుర్తుల పట్టికలోంచి వరసగా ఇస్తూ పోతారు. అందుకే మా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమందివి ఉంగరం, కత్తెర. ఏడింటికి మొదలైన జనం పదకొండైనా తగ్గలేదు. అందరికీ రేపు పొద్దున్నే కావాలి.

ఫొటోలు ఫోన్లలో ఉన్నాయి, మేటరు సిగరెట్ పెట్టె అట్ట మీద రాసుకొచ్చారు. అమ్మాయి పేజ్‌మేకర్‌లో కూర్చిన వెంటనే ప్రూఫ్ తీసి చేతిలో పెడుతున్నాను. కింద ప్రెస్సు పేరు, ఊరు, అచ్చు వేయిస్తున్నవాళ్ల పేరు ఉండి తీరాలి. ఇద్దరు సాక్షుల సంతకాలతో డిక్లరేషన్ తీసుకోవాలి. "ఇగ అవన్నీ ఎందుకన్నా" అంటారు. ఎందుకంటే, పేరు లేని కరపత్రం దొరికితే ముందు తాళం పడేది ప్రెస్సుకే.

రీము డెమ్మీ అంటే 500 షీట్లు. షీటును సగానికి కోసి, ఒక్కో సగం మీద నాలుగు పడేలా వేస్తే రీముకు నాలుగు వేల కరపత్రాలు. కటింగ్ మిషన్ కత్తి దిగేటప్పుడు కాగితాల దొంతర ఒక్కసారి ఊపిరి వదిలినట్టు వినిపిస్తుంది. మామ ఆ పక్కనే నిలబడి నీళ్లు చూసుకుంటుంటాడు. ఆఫ్‌సెట్‌లో ఇంకు ఎంత ముఖ్యమో నీళ్లూ అంతే. నీళ్లు ఎక్కువైతే అక్షరం తేలిపోతుంది, తక్కువైతే కాగితమంతా మసకబారుతుంది. మీటర్లూ గేజీలూ ఏమీ లేవు, ప్లేటు మీద మెరుపు చూసి కనిపెడతాడు. రాత్రి రెండింటికి ఒక షీటు దీపం దగ్గరకు పట్టుకుని, "గీ ముఖం నల్లగైతుంది, ఆగు" అని మిషన్ ఆపాడు. ఆ అభ్యర్థి ఎవరో ఆయనకు తెలియదు, ఓటు కూడా ఆ ఊళ్లో లేదు. అయినా ఎవరి ముఖమూ నల్లగా పోకూడదు. ఈ పనితనానికి నేను రేటు కట్టలేను, ఎవరూ ఇవ్వరు కూడా.

డిసెంబర్ 5, శుక్రవారం

కిస్తీ 11,200 కట్టేశాను. ఎలక్షన్ డబ్బు. ఇన్నాళ్లకు తేదీ దాటకుండా కట్టాను.

డిసెంబర్ 6, శనివారం

బాపు నియమం తప్పాను. వరసకు బావమరిది, వాళ్ల ఊరికి సర్పంచ్‌గా నిలబడ్డాడు. కరపత్రాలు, తలుపులకు అంటించే స్టిక్కర్లు, నమూనా బ్యాలెట్లు కలిపి 14,200 అయింది. 4,000 చేతిలో పెట్టి, "మిగతాయి పన్నెండో తారీకు పొద్దుగాలనే ఇస్త బావా" అన్నాడు. గోడకు అంటించిన కాగితం కూడా చదివాడు. నేనేమీ అనలేకపోయాను. వాళ్లమ్మ చేతి అన్నం తిని పెరిగాను.

చిన్న ఊళ్లో వ్యాపారమంటే ఇదే. వచ్చేవాళ్లలో సగం మందిని అన్నా, బావా, మామా అని పిలవాలి. ఆ పిలుపుల వల్లే పని వస్తుంది, ఆ పిలుపుల వల్లే డబ్బు ఆగుతుంది.

డిసెంబర్ 12, శుక్రవారం

41 ఓట్లతో ఓడిపోయాడు. నిన్న రాత్రి నుంచి ఫోన్ తియ్యడం లేదు. నేను కూడా రెండోసారి చెయ్యలేదు. ఇంట్లో ఎవరో పోయినట్టు ఉంటుంది ఆ ఇల్లు ఇప్పుడు. ఖాతాలో 10,200 రాసి పక్కన తేదీ వేశాను.

డిసెంబర్ 16, మంగళవారం

పెద్ద తప్పు జరిగింది. బట్టల షాపు వాళ్ల క్యాలెండర్లు మూడు వందలు. శివకాశి నుంచి వచ్చిన తిథుల క్యాలెండర్లకు కింద షాపు పేరు, చిరునామా, ఫోన్ నంబరు మేము వేస్తాం. ఫోన్ నంబరులో 6 ఉండాల్సిన చోట 9 పడింది. మూడు వందలూ అయిపోయాక వాళ్ల గుమస్తా చూశాడు.

ప్రూఫ్ వాట్సాప్‌లో పంపాను, వాళ్లు వేలు పైకెత్తిన బొమ్మ పెట్టారు. సంతకం లేదు. వాళ్లు చూడలేదని నేను వాదించవచ్చు. కానీ కూర్చింది మేము, ముందు చూడాల్సింది మేమే. క్యాలెండరు 22 రూపాయలు. 6,600 నష్టం, మళ్లీ పని, మళ్లీ బస్సు కార్గో. అమ్మాయి ఏడ్చింది. పది రోజులుగా అర్ధరాత్రి దాకా కూర్చుంటున్న పిల్ల. ఆమె జీతంలో పట్టుకునే ప్రసక్తే లేదని అక్కడే చెప్పాను. తప్పు ఆ రాత్రుల పనిలోంచి పుట్టింది, ఆ రాత్రులు పెట్టింది నేను.

రేపటి నుంచి ఎవరి పనైనా సరే, కాగితం మీద ప్రూఫ్, కింద సంతకం. మా ఇంట్లో వాళ్ల కార్డయినా అంతే.

డిసెంబర్ 20, శనివారం

బట్వాడా రోజే జీఎస్టీ ఆఖరు తేదీ కూడా పడింది. ఆడిటరు పదిన్నరకే ఫోన్ చేశాడు.

జీఎస్టీ గురించి వ్యాపారం చెయ్యనివాళ్లకు ఒక సంగతి చెప్పాలి. పన్ను మేము బిల్లు రాసిన నెల లెక్కలో కట్టాలి, డబ్బు వచ్చిన నెలలో కాదు. జూలైలో ఒక ప్రైవేటు స్కూలుకు డైరీలు, ఫీజు రసీదు పుస్తకాలు, ప్రోగ్రెస్ కార్డులు వేసిచ్చాను. బిల్లు 62,000. అందులో 9,458 పన్ను. కాగితం మీద నేను ముందే కట్టింది పోగా మిగతాది ఆగస్టు 20కి కట్టేశాను. స్కూలు నుంచి ఇంతవరకు ఒక్క రూపాయి రాలేదు. అంటే కాగితం డబ్బు, కూలి డబ్బుతో పాటు వాళ్ల తరఫున పన్ను కూడా నేనే పెట్టుబడి పెట్టాను. ఇది ఎవరూ దొంగతనంగా చేసింది కాదు, పద్ధతే అలా ఉంది. కానీ పద్ధతి రాసినవాళ్లు బిల్లు రాయగానే డబ్బు వస్తుందనుకున్నారు. మా ఊళ్లో అలా రాదు.

సెప్టెంబర్ 22 నుంచి మేము కొనే కాగితం మీద పన్ను 12 నుంచి 18 శాతం అయింది. తర్వాత సర్దుబాటు అవుతుందంటాడు ఆడిటరు. నిజమే. పేపర్ సేటుకు మాత్రం ఇప్పుడే ఇవ్వాలి.

డిసెంబర్ 24, బుధవారం

పొద్దున్నే ఒక కుర్రవాడు వచ్చాడు, గుండు చేయించుకుని ఉన్నాడు. తండ్రి దశదినకర్మ కార్డులు, 200. ఫొటో తెచ్చాడు, పాతది, పక్కన ఇంకెవరి భుజమో ఉంది. ఆ భుజం తీసేసి, వెనక తెల్లగా చేసి, నల్ల అంచు వేసి గంటన్నరలో ఇచ్చాను. రేటు అడగకుండా డబ్బు లెక్కపెట్టి ఇచ్చి వెళ్లాడు.

ఇన్నేళ్లలో కర్మ కార్డు డబ్బు బాకీ పెట్టినవాళ్లను నేను చూడలేదు. పెళ్లి కార్డుకు బేరమాడతారు, సగం ఇస్తారు, పెళ్లయ్యాక ఇస్తామంటారు. పోయినవాళ్ల పేరు మీద బాకీ ఉండకూడదని అందరికీ తెలుసు. బతికినవాళ్ల దగ్గర ఉండొచ్చునని ఎలా అనుకుంటామో.

బాపు 2009లో పోయాడు. ఆయన ఖాతా పుస్తకంలో రావాల్సినవి 38,000 పైన ఉన్నాయి. ట్రెడిల్ కాలితో తొక్కి, సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి కూర్చి సంపాదించిన డబ్బు. పదో రోజు భోజనాలకు ఆ పేర్లవాళ్లు చాలామంది వచ్చారు. మంచివాడు, ఎన్నడూ అడగలేదు అన్నారు. నేను వడ్డిస్తూ విన్నాను. అడగకపోవడం మంచితనమైతే, ఆ మంచితనానికి మా అమ్మ గాజులు అమ్మింది. ఇది ఎవరినీ తిట్టడానికి రాయడం లేదు. మరిచిపోకూడదని రాస్తున్నాను.

2026 జనవరి 3, శనివారం

ఎలక్షన్ డబ్బు అయిపోయింది. ముద్ర లోను కోసం బ్యాంకుకు వెళ్లాను. పది లక్షల దాకా తాకట్టు అక్కర్లేదన్నది రూలు, మేనేజరు కూడా కాదనలేదు. మర్యాదగానే మాట్లాడాడు. రిటర్నులు చూశాడు, బాకీల జాబితా అడిగాడు. స్కూలు 62,000 దగ్గర వేలు పెట్టి, "ఇది తొంభై రోజులు దాటింది, లెక్కలోకి రాదండీ" అన్నాడు.

అక్కడ కూర్చున్నంతసేపూ అదే ఆలోచన. ఎంత పాత బాకీ అయితే అంత నా రక్తం అందులో ఉంది. బ్యాంకు దృష్టిలో ఎంత పాతదైతే అంత విలువ లేనిది. ఆయన తప్పేమీ లేదు. రాని డబ్బును ఆయన ఏ పేరుతో లెక్కలో వేసుకుంటాడు?

ఫైలు పైకి పంపుతానన్నాడు. బట్వాడాకు తెలిసినాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి పదివేలు తెచ్చాను. నూటికి నెలకు రెండంటే ఏడాదికి 24. మా పనిలో అంత లాభం ఉండదు.

జనవరి 8, గురువారం

స్కూలుకు వెళ్లడం ఇది అయిదోసారి. అకౌంటెంటు కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు. ఫీజులు రాలేదు, సంక్రాంతి తర్వాత చూద్దాం అన్నాడు. టీ తాగేసి వచ్చేశాను. టీ తాగాక గట్టిగా అడగలేం.

మా కూతురు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది. బీకాం చదువుతోంది. "నాన్నా, 2006 చట్టం ఉంది. చిన్న సంస్థలకు 45 రోజుల్లో కట్టాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతలు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. ఉద్యం రిజిస్ట్రేషన్ నీకుంది కదా, ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చెయ్యొచ్చు" అంది. నాకూ తెలుసు. సమాధాన్ అనే పోర్టల్ 2017లోనే వచ్చింది. చట్టం మంచిదే, రాసినవాళ్లు మా బాధ తెలిసే రాశారు.

అయినా ఫిర్యాదు చెయ్యను. చేస్తే ఈ 62,000 వస్తుందేమో. వచ్చే జూన్‌లో డైరీలు ఇంకో ప్రెస్సుకు వెళ్తాయి. కరెస్పాండెంటు గారి బంధువుల పెళ్లి కార్డులు వెళ్తాయి. ఆయన చెబితే మా దగ్గర వేయించే ట్యూషన్ సెంటర్ వాళ్లూ వెళ్తారు. ఒక కస్టమరును పోగొట్టుకున్నా నిలబడగలిగినవాళ్లకే ఆ చట్టం చేతికి అందుతుంది. అడగడానికి భయపడే సరఫరాదారు పేరు బయటికి రాకుండా, పన్ను లెక్కల్లోంచే ఆలస్యాన్ని పట్టుకునే దారి ఒకటి ఉండాలి. బిల్లు తేదీ పన్ను శాఖ దగ్గరే ఉంది. డబ్బు కట్టిన తేదీ కూడా చేరిస్తే చాలు.

జనవరి 13, మంగళవారం

రేపు భోగి. ముగ్గురికీ పండగ ఖర్చుకు తలా వెయ్యి, బట్టలు. మా ఆవిడ గొలుసు మళ్లీ గోల్డ్ లోన్‌కి వెళ్లింది. పోయిన దసరాకు విడిపించిందే.

జనవరి 19, సోమవారం

హైదరాబాద్ నుంచి పేపర్ సేటు ఫోన్. 71,000 ఇవ్వాలి ఆయనకు. "భయ్యా, పండగ అయిపోయింది కదా" అన్నాడు. ఇంకేమీ అనలేదు. నేను "ఈ వారం సర్దుబాటు చేస్తా సేటూ" అన్నాను. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, స్కూలు అకౌంటెంటు నాతో అనే మాట కూడా ఇదే. సేటు దగ్గరా గోడౌన్‌లో హమాలీలు ఉన్నారు. వాళ్లకూ శనివారం ఉంటుంది.

బాపు కాలంలో సిర్పూర్ కాగితం ఎక్కువ వాడేవాళ్లం. కాగజ్‌నగర్ మిల్లు 2014లో ఆగిపోయింది, చేతులు మారి 2018లో మళ్లీ తెరుచుకుంది. అంత పెద్ద మిల్లు నాలుగేళ్లు మూతపడి లేచింది. మా ప్రెస్సు నాలుగు నెలలు మూతపడితే లేవదు. మామ ఇంకెక్కడో చేరతాడు, రోలర్ల రబ్బరు బిగుసుకుపోతుంది, వచ్చేవాళ్లు పక్క వీధికి అలవాటు పడతారు.

జనవరి 22, గురువారం

పని లేని రోజు. అటక మీద బాపు టైపు కేసులు దులిపాను. గళ్లలో ఇంకా కొన్ని అక్షరాలు ఉన్నాయి, వత్తులు విడిగా, గుడులు విడిగా. ఒక 'శ్రీ' జేబులో వేసుకున్నాను.

దాంతోపాటు 2017 నాటి ఆర్డర్ బుక్ దొరికింది. ఆ ఏడాది జూలై 1న జీఎస్టీ వచ్చింది. ఊళ్లో ప్రతి దుకాణానికీ కొత్త నంబరుతో కొత్త బిల్లు పుస్తకం కావాల్సి వచ్చింది. కార్బన్‌వి, మూడు రంగులవి, నంబరింగ్ వేసినవి. రెండు నెలలు నిద్ర లేదు. అప్పు లేకుండా కటింగ్ మిషన్ కొన్నది అప్పుడే. ఆ బిల్లు పుస్తకాలు అలాగే ఉంటాయనుకున్నాను. తర్వాత ఒక్కొక్కరే కంప్యూటర్ బిల్లుకు, చేతిలో పట్టుకునే చిన్న మిషన్‌కు మారిపోయారు. నెలకు నలభై ఆర్డర్ల నుంచి అయిదారుకు వచ్చింది. ఏ దుకాణదారూ చెప్పి మానలేదు, రావడం తగ్గింది, అంతే.

2020 ఉగాది నాడే దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. అప్పటికి వేసి కట్ట కట్టిన చైత్ర, వైశాఖాల శుభలేఖలు పదకొండు పెళ్లిళ్లవి మా దగ్గరే ఉండిపోయాయి. తేదీలు పోయాయి. పెళ్లిళ్లు తర్వాత ఇళ్లలోనే అయ్యాయి. ఆ పదకొండు కుటుంబాల్లో నలుగురు పూర్తి డబ్బు ఇచ్చారు, అడగకుండానే. ఆ నాలుగు పేర్లు నా దగ్గర రాసి ఉన్నాయి. వాళ్ల ఇళ్లలో ఏ పని వచ్చినా లాభం వేసుకోను.

జనవరి 29, గురువారం

మేడారం జాతర. మామ, బైండింగ్ అక్క ఇద్దరూ కుటుంబాలతో వెళ్లారు. షట్టరు సగం దించి కూర్చున్నాను. వెళ్లే ముందు మామ ఒక మాట చెప్పాడు. హైదరాబాద్‌లో అట్టపెట్టెలు అచ్చువేసే చోట నెలకు 28,000 ఇస్తామన్నారట. "ఉగాది దాంక ఉంట బిడ్డా. గప్పటికి నువ్వు ఒకల్ని చూసుకో" అన్నాడు. ఆపడానికి నా దగ్గర మాట లేదు. ఆయన కొడుకు పెళ్లికి ఎదిగాడు. ఈ పని నేర్చుకుంటామని వచ్చిన కుర్రవాళ్లు ఈ అయిదేళ్లలో ఇద్దరు. ఇద్దరూ నెల తిరక్కముందే డెలివరీ బండ్లెక్కారు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

ఫాల్గుణానికి మొదటి శుభలేఖ. పెళ్లికూతురి తండ్రి వచ్చాడు. పదేళ్ల కిందట పెద్దమ్మాయి పెళ్లికి మా దగ్గరే ఎనిమిది వందల కార్డులు వేయించాడు. ఈసారి నూట యాభై. మిగతా అందరికీ ఫోన్‌లో వీడియో పంపుతారట. "పెద్దోళ్లకు, దేవుని దగ్గర పెట్టెటందుకు ఇవి చాలు" అన్నాడు. నేను తప్పు పట్టను. ఖర్చు తగ్గించుకోవడం ఆయన హక్కు.

కానీ ఆ వీడియోలో పెట్టే మేటరు కూడా మా డీటీపీ అమ్మాయి కూర్చిందే వాడుకుంటామన్నాడు. దానికి మొదటిసారి విడిగా 500 అడిగాను. గొంతు వణికింది. ఆయన సరే అన్నాడు. అడిగితే ఇచ్చేవాళ్లు ఉంటారన్నది ఇంత వయసొచ్చాక ఇవాళ నేర్చుకున్నాను.

ఫిబ్రవరి 14, శనివారం

పన్నెండో శనివారం. స్కూలు నుంచి పొద్దున 30,000 ఖాతాలో పడింది. ఫోన్ చూసి రెండుసార్లు చదివాను. వెంటనే సేటుకు 20,000 పంపాను. సాయంత్రం బట్వాడా 9,900. వంద మిగిలింది. ఇంటికి జొన్నరొట్టెల పిండి, ఉల్లిగడ్డలు తీసుకెళ్లాను.

ఫిబ్రవరి 18, బుధవారం

మూఢం వెళ్లింది. ఇవాళ మూడు శుభలేఖలు ఒప్పుకున్నాను, మూడింటికీ కాగితం మీద ప్రూఫ్, సంతకం, సగం అడ్వాన్సు. మామ మొదటి కార్డు తీసి, ఆరిందో లేదో వేలితో చూసి, నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి పటం దగ్గర పెట్టాడు. ఉగాదికి ఇంకా నెల ఉంది. ఆయన బదులు ఎవరూ దొరకలేదు.

బావమరిది వాళ్లమ్మ చేత 3,000 పంపించాడు, ఇంకా 7,200 ఉంది. స్కూలుది 32,000. నర్సింగ్ హోమ్ మందుల చీటీల డబ్బు, ఇంకా చిన్నవి బోలెడు. సేటుకు నేను ఇవ్వాల్సింది 51,000. లోను ఫైలు ఇంకా పైనే ఉంది.

ఈ పేజీలు ఎవరైనా చదివితే, వాళ్లకు ఒక మనవి. మీ వీధిలో దర్జీకో, వడ్రంగికో, టెంట్ హౌస్ వాళ్లకో, మీ పిల్ల పెళ్లి కార్డు వేసిన ప్రెస్సుకో ఏమైనా బాకీ ఉంటే, వాళ్లు అడిగేదాకా ఆగకండి. వాళ్లు అడగరు. ఎల్లుండి కాక అవతలి రోజు శనివారం. ఆ సాయంత్రం అయిదు లోపల ఇచ్చేయండి.